విధాన సౌధలో తెగిన పోగు

సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో సరోజ నమ్మిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. కూరగాయలామె తూకం వేస్తుంటే వంగి తక్కెడ అడుగు చూస్తుంది. పాలు పోయించుకుంటే గోటి మీద ఒక బొట్టు నిలబెట్టి చూస్తుంది. కట్టుకున్న లక్ష్మణ్ ఒంట్లో బాగాలేదు, ఇవాళ సాంచెల మీదికి, అదే మరమగ్గాల పనికి, పోలేనంటే నుదురు ముట్టుకుని, అదీ చాలక అరికాళ్ళు కూడా ముట్టుకుని, అప్పుడు గానీ జావ కాయదు. ఆమెను అని లాభం లేదు. పెళ్ళయిన నాటి నుంచి బీడీలు చుట్టిన చేతులవి. కార్ఖానాకు పోతే అక్కడి చెకర్ ఆమె కట్టలు విప్పి, ఒక్కొక్క బీడీని వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏ వంకా దొరక్కపోయినా నాలుగు తీసి పక్కన పారేస్తాడు. ఇన్నేళ్ళు ఒకరి అనుమానం కింద బతికిన మనిషికి ఇంకే చదువు అబ్బుతుంది చెప్పండి.

అలాంటి సరోజ ఇంటికి, కూతురు శ్రావణి కోసం, సీతాబాయి సంబంధం తెచ్చింది. పేట్‌లో సగం పెళ్ళిళ్ళు ఈ సీతాబాయి నోటి మీదనే కుదిరాయి. ఆ నోటిని సరోజ ఒక్కనాడూ నమ్మలేదు.

"పోరడు మనోడే. పేరు ప్రతీక్. పుట్టింది పెరిగింది సోలాపూర్లనే, ఇప్పుడు బెంగళూరుల ఉంటడు. విధాన సౌధల నౌకరీ," అంది సీతాబాయి.

"అదేంది?"

"ఆ రాజ్యం మంత్రులు, ఓట్లల్ల గెలిచిన ఆమ్దార్లు అందరు కూసుండే మేడ. మస్తు పెద్దది."

"వాళ్ళు కూసుంటరు సరే. ఈ పోరడు ఏం చేస్తడు?"

సీతాబాయి చాయ్ గ్లాసులోకి చూస్తూ, "లోపలనే పని," అంది.

గ్లాసులోకి ఎందుకు చూసింది? సరోజకు ఆ రోజు అన్నం సయించలేదు.

పిల్లవాడు చూపులకు వచ్చాడు. తెల్ల చొక్కా, నెమ్మదైన మాట, పెద్దలకు వంగి దండం. అంతా బాగానే ఉంది గానీ, కూర్చున్నంతసేపూ చేతులు ప్యాంటు జేబుల్లోనే ఉన్నాయి. పోహా ప్లేటు ఇస్తే ఒక చెయ్యి బయటికి తీసి, రెండు ముద్దలు తిని, మళ్ళీ జేబులో దాచుకున్నాడు. ఏం పని చేస్తవు బాబూ అని సరోజ అడిగితే, "మెయింటెనెన్స్ డిపార్ట్‌మెంట్ అత్తా," అన్నాడు. ఫోనులో ఫొటోలు చూపించాడు. ఒక్కటీ లోపలిది కాదు, అన్నీ ఆ మేడ ముందు నిలబడి తీయించుకున్నవే. అట్లాంటి ఫొటో చార్మినార్ ముందు సరోజకు కూడా ఉంది. అంతమాత్రాన చార్మినార్‌లో ఆమెకు నౌకరీ ఉన్నట్టా?

అయితే శ్రావణికి ప్రతీక్ నచ్చాడు. కొంతం చౌక్‌లో మొబైళ్ళ దుకాణంలో పనిచేసే పిల్ల, రోజూ వందమందితో మాట్లాడే పిల్ల, ఇంతకుముందు వచ్చిన సంబంధాలన్నిటికీ మూతి తిప్పిన పిల్ల, ఈసారి మాత్రం "నాకు ఇష్టమే అమ్మా, ఇగ నీ ఇష్టం," అని ఊరుకుంది. మంగళవారం నాటికి ఔనో కాదో చెప్తానని సరోజ సీతాబాయికి మాటిచ్చింది. బిడ్డ బతుకంతా ఆ ఒక్క మాట మీద ఉంది.

సరోజకు పెద్దగా కోరికలు లేవు, ఒక్క పంతం ఉంది. సాంచె నడిపేవాడికి, మగ్గం మీద కూర్చునేవాడికి, దారం పట్టి బతికే ఎవడికీ పిల్లనివ్వదు. ఈ మాట ఆమె కొంతం చౌక్‌లో నిలబడి పదిమంది వినేలా అంది. అననీ పాపం. చద్దర్లు నేసే సాంచెల మోతలో లక్ష్మణ్ చెవులు ఎప్పుడో పోయాయి. ఒకప్పుడు గుసగుసగా మాట్లాడుకున్న మొగుడూ పెళ్ళాలు ఇప్పుడు ఉప్పు కావాలన్నా వీధి చివరికి వినపడేలా అరుచుకోవాలి. కోపం లేకపోయినా అరుపే, ప్రేమైనా అరుపే. అది తన బిడ్డకు వద్దనుకుంది.

ఇంతలో సరోజ తమ్ముడు మంగేశ్ పాత కారు ఒకటి కొన్నాడు. కొత్తగా కారు కొన్నవాడు ఊరుకుంటాడా, అక్కనూ బావనూ మంత్రాలయం తీసుకుపోతానన్నాడు. ఆ మాట విని శ్రావణి అన్నం కలుపుకుంటూ, "అంత దూరం పోయినంక బెంగళూరు గూడ చూసి రాండ్రి. ఆదివారం ఆదివారం ఆ విధాన సౌధ లోపలికి తీస్కపోయి చూపిస్తరట. ఫోన్ల టికెట్ దొరుకుతది," అంది.

సరోజకు దేవుడే పిల్ల నోట పలికించాడనిపించింది. మంచి ఉపాయం. చెప్పాపెట్టకుండా పోయి, వాడు లోపలున్నాడో, బయట జామకాయలు అమ్ముతున్నాడో కళ్ళారా చూడొచ్చు. పైకి మాత్రం, "చూద్దాం తియ్యి. మేం వస్తున్నమని ఆ పోరని చెవుల మాత్రం వెయ్యకు," అంది.

"నాకేం పనే," అంది శ్రావణి తల ఎత్తకుండా. టికెట్లు కూడా ఆ పిల్లే తీసింది.

దారి పొడుగునా సరోజ ఒళ్ళో బీడీల చాట పెట్టుకునే కూర్చుంది. కార్ఖానాకు ఇవ్వాల్సిన కట్టలు దేవుడి దర్శనానికి పోతే ఆగుతాయా. గుల్బర్గా దాటింది, రాయచూరు దాటింది, కత్తెర ఆకు కోస్తూనే ఉంది, వేళ్ళు చుడుతూనే ఉన్నాయి. కొత్తగా వేయించిన సీట్ల గుడ్డ మీద తంబాకు పొడి రాలుతుంటే మంగేశ్ అద్దంలో చూసి ఏడవలేక నవ్వాడు. మంత్రాలయంలో కళ్ళు మూసుకుని సరోజ స్వామిని ఒక్కటే అడిగింది: వాడు దొంగైతే నాకు దొరికేటట్టు చెయ్యి. అనంతపురం దాటాక దాబాలో భోజనానికి దిగినప్పుడు కూడా కర్ణాటక బండి కనపడితే చాలు, ఆ డ్రైవర్ను పట్టుకుని విధాన సౌధలో మెయింటెనెన్స్ అంటే ఏమిటని అడిగింది.

"అక్కా, పాపం వాళ్ళను తిననియ్యే," అన్నాడు మంగేశ్.

"నీకేం తెల్వది. అడిగితేనే బయటపడతది," అంది సరోజ.

ఆదివారం పొద్దున ఆ మేడ ముందు కారు దిగారు. రాతి గోడలు, రాతి స్తంభాలు, ఎక్కడానికి కొండ మెట్లంతటి మెట్లు, పైన గుమ్మటం, గుమ్మటం మీద సింహాలు. లక్ష్మణ్ నోరు తెరుచుకుని తల వెనక్కి వాల్చి చూశాడు. సరోజకు మాత్రం అనుమానం ఇంకాస్త ముదిరింది. ఇంత పెద్ద మేడలో ఒక అబద్ధాన్ని దాచడం ఎంతసేపు?

గేటు దగ్గర సంచులు మిషన్లో పెట్టమన్నారు. సరోజ నడుముకు దోపుకున్న గుడ్డ తిత్తి తీసి పెట్టగానే మిషన్ దగ్గరి పోలీసామె చెయ్యి ఎత్తి ఆపింది. తిత్తిలో కత్తెర ఉంది. మంత్రాలయం స్వామి ముందుకు కూడా ఆ కత్తెర వెళ్ళొచ్చింది, తన దగ్గరుందన్న ధ్యాసే సరోజకు లేదు. బీడీ ఆకు కోయడానికని చేతులు తిప్పి చూపించింది. పోలీసామె కత్తెర పక్కన పెట్టి, పోయేటప్పుడు తీసుకోమని చెప్పి, మర్యాదగానే కన్నడంలో అడిగింది: "లోపల మీకు తెలిసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారామ్మా?"

సోలాపూర్లో ఇరుగుపొరుగు కన్నడం వాళ్ళే కాబట్టి సరోజకు ఆ భాష అర్థమవుతుంది. "ఎవ్వరు లేరు," అంది తొందరగా.

గైడు చదువుకున్న చిన్న పిల్ల, చక్కగా చెబుతోంది. ముఖద్వారం పైన రాసింది చదివి, ప్రభుత్వం పని దేవుడి పని అని దాని అర్థమని చెప్పింది. సరోజ తమ్ముడి చెవిలో, "దేవుని పని చేసేటోడు అదేందో చెప్పనీకి సిగ్గెందుకు?" అని గొణిగింది. అందరూ పైకప్పులు, గంధపు చెక్క తలుపులు చూస్తుంటే ఆమె మనుషుల మొహాలు చూసింది. లిఫ్టు దగ్గర నిలబడ్డవాడు ప్రతీక్ కాదు. నీళ్ళ డబ్బా మోసేవాడు కాదు. గదులన్నిటికీ తాళాలే.

"అక్కా, ఇయ్యాల ఆదివారం. నౌకరీ ఉన్నోడైనా ఇంట్ల పండుకోని ఉంటడు గద," అన్నాడు మంగేశ్.

సరోజ నిలబడిపోయింది. ఇంత దూరం, ఇంత ఉపాయం, ఈ సంగతి తన బుర్రకు తట్టనేలేదు. కోపం తమ్ముడి మీదికి మళ్ళింది. "గీ మాట సోలాపూర్ల చెప్పనీకి ఏమైంది నీకు?" అని కసిరి, పక్కన మెట్లు తుడుస్తున్న ఆమెను పట్టుకుని ప్రతీక్ అనే పిల్లవాడు ఇక్కడ ఆఫీసులో పనిచేస్తాడా అని అడిగింది. ఆఫీసుల్లో ఆ పేరుగలవాళ్ళు తనకెవరూ తెలియదందామె. ఇక చాలు. పెళ్ళికి ముందే ఇన్ని దాచేవాడు పెళ్ళయ్యాక ఎన్ని దాస్తాడు? మంగళవారం దాకా ఎందుకు, రాత్రికే సీతాబాయికి ఫోను చేసి వద్దని చెప్పేద్దామనుకుంది. ఆ మాట అనుకోగానే కూతురి మొహం గుర్తొచ్చింది.

అందరికంటే వెనకబడి నడుస్తుంటే ఒక వరండా మలుపులో ఎర్ర తివాచీ కనపడింది. దాని ఒక మూల చుట్టూ నాలుగు కుర్చీలు పెట్టి తాడు కట్టారు. ఆ మూలన అరచేయంత మేర నేత చివికిపోయి ఉంది. సగం బాగుచేశారు. పాత పోగులకు కొత్త పోగులు అతికి, వాటి మీద నేత మళ్ళీ ఎత్తుకొచ్చారు. మిగతా సగంలో తెగిన కొసలు అలాగే వేలాడుతున్నాయి. దగ్గర మనిషెవరూ లేరు.

సరోజ తాడు కింద నుంచి దూరింది. బీడీల్లో పడకముందు, లంగా ఓణీల నాడు, పుట్టింటి మగ్గం ముందు కూర్చుని తెగిన పోగులు అతకడమే ఆమె పని. తెగిన పోగు కనపడితే అతక్కుండా లేవకూడదని వాళ్ళ నాయన నేర్పాడు. అతికాక ఆ వేళ్ళు కళ్ళకద్దుకోవాలనీ నేర్పాడు. సాలోళ్ళ ఇళ్ళల్లో అది దండం లాంటిది. శాసనసభ అని లేదు, రాతి మేడ అని లేదు, సరోజ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అతికిన పోగుల మీద వేలు పోనిచ్చింది. పురి తిప్పి, కొసను ఎడమకు మడిచి, కిందికి దోపిన అతుకు. ఇది మనోళ్ళ చెయ్యే. ఇక్కడికి మనోళ్ళెవరు వచ్చారబ్బా అనుకుంటూనే వేలికి ఉమ్మి తడి చేసుకుని, తెగిన కొసలు రెండు దగ్గరకు తెచ్చి పురి తిప్పింది. తర్వాత వేళ్ళు కళ్ళకద్దుకుంది.

"లే, లేమ్మా. ఏం తీశావక్కడ?"

తల ఎత్తితే గార్డు. తాడు దాటి వచ్చిన ఆడమనిషి, తివాచీలోంచి ఏదో లాగి మొహం దగ్గరికి తీసుకుపోవడం అతను చూశాడు. అతను చూసిందాంట్లో తప్పేమీ లేదు, చేసిన పని అట్లాగే ఉంది మరి. వైర్‌లెస్‌లో ఎవరితోనో మాట్లాడి, "గేటు దగ్గర కత్తెర దొరికింది ఈమె దగ్గరేనా?" అని అడిగాడు. అటునుంచి ఔనన్నారు.

"తియ్యలే అయ్యా, అతికిన," అంది సరోజ. అతనికి తెలుగు రాదు. ఆమెకు భయంతో కన్నడం రాలేదు. చేతులు రెండూ చాపి ఖాళీగా ఉన్నాయని చూపించింది. కార్ఖానాలో చెకర్ ముందు అట్లాగే చాపేది. గైడు వెంట పోయిన గుంపు ఆగి వెనక్కి తిరిగింది. లక్ష్మణ్ ఏమైందే ఏమైందే అంటూ అరుస్తూ వచ్చాడు. ఆ అరుపు రాతి గోడలకు తగిలి ఇంకా పెద్దదై తిరిగొచ్చింది. అంతమంది కళ్ళు తన మీద పడితే సరోజకు భూమిలోకి పోవాలనిపించింది. ఇంతకాలం తాను అందరినీ చూసిన చూపుతోనే ఇవాళ అందరూ తనను చూస్తున్నారు.

అప్పుడు వచ్చాడు ప్రతీక్. చేతిలో చాయ్ గ్లాసు, ఒంటి మీద ముతక నీలం కోటు, కోటు నిండా ఎర్ర దారం ముక్కలు. సరోజను చూసి ఆగాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోవడానికి చోటుంది, వెళ్ళలేదు. గ్లాసు కుర్చీ మీద పెట్టి, వంగి, ఆమె అతికిన పోగును వేలితో తాకి చూశాడు.

"తెంపలేదు సార్. తెగినదాన్ని అతికింది. బరాబర్ ఉంది," అన్నాడు కన్నడంలో.

"నీకు తెలిసినామెనా?"

"మా ఊరే. నాకు పిల్లనివ్వొచ్చో లేదో చూసుకుందామని వచ్చింది సార్. ఇంకా ఏమీ చెప్పలేదు."

గుంపులో ఎవరో నవ్వారు. గార్డు కూడా మీసం కింద నవ్వు దాచుకుని, తాడు దాటి రాకూడదమ్మా అని మాత్రం చెప్పి వెళ్ళాడు. మంగేశ్ గుంపును ముందుకు సాగనంపాడు. సరోజకు ప్రాణం లేచొచ్చింది, దాని వెంటే కోపం కూడా లేచొచ్చింది.

"మెయింటెనెన్స్ అంటే ఇదా?"

"ఇదే అత్తా. తివాచీలు, పరదాలు. ఆఫీసులు బంద్ ఉన్నప్పుడే చెయ్యాలె, గందుకే ఆదివారం వస్త."

"దారం పని అని ఎందుకు చెప్పలే? చేతులెందుకు దాచినవ్?"

ప్రతీక్ చేతులు ఇప్పుడు జేబుల్లో లేవు. బొటనవేలికి, చూపుడువేలికి దారం కోసిన గీతలు ఎర్రగా ఉన్నాయి. "మీరు కొంతం చౌక్‌ల అన్న మాట నాకు తెలుసు. దారం పట్టేటోనికి పిల్లనియ్య అన్నరు గద. చూపులనాడే చూస్తే చాయ్ గూడ తాగనియ్యకపోతుంటిరి," అన్నాడు.

నిజమే, తాగనిచ్చేది కాదు.

లక్ష్మణ్ ముందుకొచ్చాడు. తివాచీని, పిల్లవాణ్ణి, ఆ వరండాను ఒకసారి కలయజూసి, తన గొంతుతోనే గట్టిగా అడిగాడు: "ఏం బాబూ, ఇక్కడ చప్పుడుంటదా?"

లక్ష్మణ్‌తో ఎవరు మాట్లాడినా అరుస్తారు. ప్రతీక్ అరవలేదు. దగ్గరికి వచ్చి, ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసి, కుడి చెవి దగ్గర నోరు పెట్టి, లోగొంతుతో ఒక్కొక్క మాట విడిగా పలికాడు: "ఉండదు మామా. ఒక్కన్నే కూసొని చేసుకుంట. అంతా నిమ్మళం."

"నిమ్మళమట," అన్నాడు లక్ష్మణ్ సరోజ వైపు తిరిగి. ఆయనకు వినపడింది. అరవకుండా చెప్పిన మాట ఆయనకు వినపడి ఎన్నేళ్ళయిందో.

"నీకెట్ల తెలుసు గట్ల చెప్పాలని?" అంది సరోజ. ఆమె గొంతు కూడా తగ్గింది.

"మా బాపు సుత సాంచెల మీదనే ఉండె. అరిస్తే మోతనే వినస్తది, మాట వినరాదు."

సరోజ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళు అరిచి అరిచి తన గొంతు పోయింది, ఈ సంగతి ఎవరూ చెప్పలేదే అని ఏడుపొచ్చింది. అయినా సరోజ సరోజే. ముక్కు తుడుచుకుని, "ఇంకేమన్న దాచినవా? ఇప్పుడే చెప్పు," అంది.

"ఒకటున్నది. మీరు ఇయ్యాల వస్తున్నరని నాకు తెలుసు."

"ఎట్ల?"

"శ్రావణి చెప్పింది. సెలవు పెడుతనంటే వద్దన్నది. మా అమ్మకు చెప్తే నమ్మది, కండ్లతోని చూస్తేనే నమ్ముతది, నువ్వు పోయి నీ పని చేసుకో అన్నది."

అన్నం కలుపుకుంటూ తల ఎత్తని పిల్ల, టికెట్లు తీసిన పిల్ల ఒక్కసారిగా సరోజ కళ్ళ ముందు నిలిచింది. తన ఉపాయమనుకున్నది తనది కానే కాదు. ఇంటికి పోయినంక దాని సంగతి చెప్తా అనుకుంది గానీ, ఎందుకో లోపల గర్వంగానే ఉంది.

తాడు బయటికి వచ్చి, పోబోతూ ఆగింది. ఎంత చేసినా ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది. తాడు మీదుగా వంగి, తివాచీలో ప్రతీక్ అతికిన పోగు ఒకటి పట్టుకుని లాగింది. కదల్లేదు. ఇంకొకటి లాగింది, అదీ కదల్లేదు. తర్వాత తాను అతికిన పోగు పట్టుకుంది. గట్టిగా కూడా లాగలేదు, ఊరికే ముట్టుకున్నట్టు పట్టుకుంది. అది జారి రెండు కొసలై చేతిలోకి వచ్చింది.

సరోజ ఆ కొసల వంక చూసింది. పురి సరిగా పడలేదు. ఇన్నేళ్ళు బీడీ చుట్టిన వేళ్ళు పోగు అతకడం మరిచిపోయాయి. వేలితో తాకి చూసినవాడికి అది తెలియకుండా ఎట్లా ఉంటుంది?

"బరాబర్ ఉన్నదని ఆ గార్డుతోని అంటివి గద," అంది.

ప్రతీక్ తల దించుకున్నాడు. "మీరు పోయినంక మళ్ళ అతుకుదామనుకున్న అత్తా."

వాడి అబద్ధం పట్టుకుందామనే సోలాపూర్ నుంచి ఇంత దూరం వచ్చింది. దొరికింది. మంత్రాలయం స్వామి మాట నిలబెట్టుకున్నాడు. సరోజ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని తాడు కింద నుంచి మళ్ళీ దూరి, నేల మీద కూర్చుంది.

"జరుగు. ఎట్ల తిప్పుతున్నవో చూపియ్యి. నా చెయ్యి మరిచింది," అంది.

ఇద్దరూ ఆ తివాచీ మూల మీద వంగి ఉండగా గార్డు మళ్ళీ అటు వచ్చాడు. తాడు లోపల అదే ఆడమనిషిని చూసి, ఈసారి కొంచెం విసుగ్గానే, ఇంకా ఇక్కడేం చేస్తున్నావమ్మా అని అడిగాడు. సరోజకు ఇప్పుడు కన్నడం బాగానే వచ్చింది. చేతిలో పోగు వదలకుండా, తల కూడా ఎత్తకుండా చెప్పింది.

"మా అల్లుడు పని చేస్తున్నాడు. చూస్తున్నాను."